ఓడ పట్టీలో గడి లేని ఇంటిపేరు

మన ఇళ్ళలో పెద్దలు కొందరు దేవుడి పటం వెనుక ఒక కాగితపు ముక్కను భద్రంగా దాచి ఉంచేవారు. దాని మీద ఒక నంబరు ఉండేది. అది ఏమిటని పిల్లలు అడిగితే, "అది మీ ముత్తాత నంబరు, ఓడ నంబరు" అని చెప్పేవారు. ఆ ముత్తాతది ఏ ఊరు, ఆయన ఇంటిపేరు ఏమిటి అని మరొక ప్రశ్న వేస్తే మాత్రం చాలా ఇళ్ళలో సమాధానం దొరికేది కాదు. నంబరు నిలిచింది, ఇంటిపేరు పోయింది.

ఎందువల్ల ఇలా జరిగింది? మరచిపోయిన మన పెద్దలదే తప్పా? ఈ ప్రశ్నను పట్టుకొని వెళ్ళగా మాకు తోచిన సంగతి ఇది. మన పూర్వీకుల వివరాలు రాసిన పుస్తకంలో ఏయే గడులు గీశారు, ఏయే గడులు గీయలేదు అన్నదే ఈ కథలో సగభాగం. గడి ఉన్న వివరం నూటయాభై ఏళ్ళు దాటినా నిలిచి ఉన్నది. గడి లేని వివరం రెండు మూడు తరాలలో చెరిగిపోయింది. నేడు మన సభలు, బడులు, గుడులు తమ దస్తరాలను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాయి. అంటే ఈసారి గడులు గీస్తున్నది మనమే. అందుకే ఈ పాత కథను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

నంబరు పుట్టిన విధం

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. పది రోజుల తరువాత, నవంబరు 26న, కలకత్తా నుండి బెల్విడేర్ అనే ఓడ వచ్చింది. 1866 నుండి 1874 వరకు వలస ఆగింది. తరువాత మళ్ళీ మొదలై 1911 వరకు సాగింది. మొత్తం 1,52,184 మంది గిర్మిటు మీద నటాలుకు వచ్చారు. అగ్రిమెంటు అన్న మాటే మన పెద్దల నోట గిర్మిటు అయిందని పాఠకులకు తెలిసినదే. వచ్చినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారు.

దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఓడ మారినప్పుడల్లా ఒకటి నుండి మళ్ళీ మొదలుపెట్టలేదు. మొదటి ఓడ నుండి చివరి ఓడ వరకు ఒకే వరుస. కాబట్టి ఒక నంబరు చెబితే ఒకే ఒక్క మనిషి. రామయ్యలు వేలమంది ఉండవచ్చు, ఒక నంబరుకు మాత్రం ఒక్క రామయ్యే. మనిషిని నంబరుగా చేయడం అవమానమే, అందులో సందేహం లేదు. అయినా నేడు ఒక మనుమరాలు తన ముత్తాతను వెతకాలంటే చేతికి అందే కర్ర కూడా ఆ నంబరే.

నంబరు పక్కన వివరాలు రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు, ఏ యజమాని దగ్గరకు పంపినది. అన్ని ఓడల పట్టీలలోనూ అన్ని గడులూ నిండి ఉండవు. కొన్ని పట్టీలు నిండుగా ఉంటాయి, కొన్ని బోసిగా ఉంటాయి.

ఈ గడులు ఎవరి కోసం గీశారు? మన కోసం కాదు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల కూలికి ఒప్పుకొని వచ్చిన మనిషి తోట వదలి వెళ్ళిపోతే పట్టుకోవడానికి ఒంటి మీది మచ్చ కావాలి. ఏ చెరకుతోటకు ఎందరు వెళ్ళారో లెక్క తేలడానికి యజమాని పేరు కావాలి. చనిపోతే కబురు పంపడానికి ఊరు పేరు కావాలి. తోటలలో జరిగే అన్యాయాల మీద ఫిర్యాదులు వచ్చాక 1872లో ఒక విచారణ సంఘం కూర్చున్నది. ఆ తరువాత వలస కూలీల సంరక్షకుడు అనే అధికారిని నియమించారు. ఆయన కచేరీ నడవడానికి కూడా ఈ పుస్తకాలే ఆధారం. దొరతనం తన అవసరాన్ని బట్టి గడులు గీసుకున్నది. అవి మనకు పనికిరావడం ఆ దొరతనం తలపెట్టని ఉపకారం.

గీయని గడులు

ఇప్పుడు లేని గడుల సంగతి చూద్దాం.

భాషకు గడి లేదు. వచ్చినవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడా, తమిళమా అన్నది ఎవరూ రాయలేదు. నేడు మనం జిల్లాను చూసి, పేరును చూసి ఊహించుకోవలసిందే. జిల్లా విశాఖపట్నమని, పేరు అప్పలస్వామి అని ఉంటే ఊహ సులభం. ఉత్తర ఆర్కాటు అని ఉంటే కష్టం, ఎందుకంటే ఆ జిల్లాలో తెలుగువారూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. తొలి పట్టీలలో కొందరి పేర్ల పక్కన, కులం గడిలో, జెంటూ అన్న మాట కనబడుతుంది. అది కులం కాదు. పోర్చుగీసు మాట నుండి పుట్టి, మద్రాసు ఇంగ్లీషువారి నోట తెలుగువారికీ తెలుగు భాషకూ పేరుగా నిలిచిన మాట అది. అంటే భాషకు గడి లేకపోయేసరికి ఆ వివరం వెళ్ళి కులం గడిలో కూర్చున్నది.

ఇటువంటిదే మారిషస్‌లోనూ జరిగింది. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారిని కోరంగీలు అన్నారు. బర్మాలో కూడా అదే పిలుపు. ఆ రేవు 1839 తుఫానులో దెబ్బతిన్నది, పేరు మాత్రం సముద్రాలు దాటి మనుషులకు అంటుకున్నది. ఓడ ఎక్కిన చోటు పేరు జాతి పేరు అయిపోయింది.

తల్లి పేరుకు గడి లేదు. ఓడ దిగిన స్త్రీకి కూడా తండ్రి పేరే రాశారు. అందువల్ల అవ్వల వైపు వంశం వెతకడం నేడు చాలా కష్టం.

ఇంటిపేరుకు గడి లేదు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తరువాత వస్తుంది. ఆ ఇంటిపేరు తరచుగా ఒక ఊరి పేరునో, ఒక వృత్తినో, ఒక పూర్వపురుషుణ్ణో గుర్తు చేస్తుంది. పెళ్ళి సంబంధం కలుపుకొనేటప్పుడు మొదట అడిగేది అదే. పట్టీలో ఒక్క మాట పేరు రాసుకొని గుమాస్తా తరువాతి మనిషిని పిలిచాడు. తరువాతి కాలంలో ఈ దేశంలో పిల్లలకు చట్టప్రకారం ఇంటిపేరు కావలసి వచ్చినప్పుడు, తండ్రి పేరో తాత పేరో ఆ చోటులో చేరింది. కొందరి ఇళ్ళలో కులనామం చేరింది. నాయుడు, రెడ్డి అన్న మాటలు నేడు ఇక్కడ ఇంటిపేర్లుగా చెలామణి అవుతున్నది ఇందువల్లనే. ఓడ పట్టీలో పేరు గడిలో నాయుడు అని వెతికి, "మావాళ్ళ జాడ లేదు" అని నిరాశపడే పిల్లలకు మేము చెప్పేది ఒక్కటే. మీరు వెతకవలసింది కులం గడిలో కూడా.

సంకల్పం చెప్పే పాఠం

ఒక దస్తరంలోని విషయాన్ని గురించి విడిగా రాసిపెట్టే వివరాలను నేడు మెటాడేటా అంటున్నారు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎక్కడ రాశారు, దేనికి చెందినది, ఎవరు చూడవచ్చు, ఎన్నాళ్ళు ఉంచాలి అన్నవి ఆ వివరాలు. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి, ఏ సంవత్సరపు కాయో చీటీ రాసి అతికించినట్లే. లోపలి ఆవకాయ దస్తరం, పైనున్న చీటీ మెటాడేటా. చీటీ ఊడిపోయినా ఆవకాయ చెడిపోదు. కాని పది జాడీలలో ఏది నిరుటిదో ఏది ముందటేడుదో తెలియదు.

మాట కొత్తదే గాని పని మనకు కొత్త కాదు. పూజకు కూర్చున్నప్పుడు పురోహితుడు మన చేత సంకల్పం చెప్పిస్తాడు. కాలం ఏది, దేశం ఏది, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం, ఏ గోత్రం, ఏ పేరు, ఏ కోరికతో ఈ పూజ అన్నది వరుసగా చెప్పాకనే పూజ మొదలవుతుంది. ఒక్కొక్క వివరానికి ఒక్కొక్క చోటు, ఆ వరుస తప్పదు. తాటాకు పుస్తకాలు రాసిన లేఖకులు కూడా చివరి ఆకులో సంవత్సరం పేరు, మాసం, తిథి, తమ పేరు, ఎవరి కోసం రాశారో చెప్పి ముగించేవారు. ఆ చివరి ఆకు పోయిన పుస్తకం ఏ కాలపుదో తేల్చడానికి పండితులు ఎంత శ్రమపడతారో వినే ఉంటారు.

నేటి లోకం ఈ పనికి కట్టుబాట్లు ఏర్పరచుకున్నది. 1995లో అమెరికా ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ పట్టణంలో కొందరు గ్రంథాలయ నిపుణులు, కంప్యూటరు నిపుణులు సమావేశమయ్యారు. అక్కడ మొదలైన పని వల్ల పదిహేను గడుల పట్టిక ఒకటి తయారై, డబ్లిన్ కోర్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కింది. పేరు, కర్త, విషయం, తేదీ, భాష, మూలం, హక్కులు మొదలైనవి అందులో ఉన్నాయి. భాషకు అందులో ప్రత్యేకంగా ఒక గడి ఉన్నదని గమనించండి. దస్తరాల నిర్వహణకు ఐ.ఎస్.ఓ. 15489 అనే అంతర్జాతీయ ప్రమాణం 2001లో వచ్చింది, 2016లో దాన్ని సవరించారు. మంచి దస్తరానికి నాలుగు లక్షణాలు ఉండాలని అది చెబుతుంది. అది తాను చెప్పుకొన్నదే కావాలి, నమ్మదగినది కావాలి, ఎవరూ మార్చకుండా చెక్కుచెదరక ఉండాలి, కావలసినప్పుడు వెతికి వాడుకొనేటట్లు ఉండాలి. చీటీ సరిగా లేకపోతే ఈ నాలుగింటిలో ఒక్కటీ నిలవదు.

ఓడ పట్టీలు కంప్యూటరు ఎక్కిన సంగతి

నటాలు ఓడ పట్టీలను కంప్యూటరులోకి ఎక్కించే పని డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఆచార్య సురేంద్ర భానా 1860 నుండి 1902 వరకు వచ్చిన 95,382 మంది వివరాలను పరిశీలించి 1991లో ఒక గ్రంథం ప్రకటించారు. ఆ విశ్వవిద్యాలయం 2004లో నటాల్ విశ్వవిద్యాలయంతో కలిసి క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం అయింది. అంత పెద్ద పని చేసినవారికి మన సమాజం ఋణపడి ఉన్నది. ఒక్కొక్క పుట తిరగవేసి వెతికితే ఒక జన్మ చాలదు. కంప్యూటరు క్షణంలో వెతికి పెడుతుంది.

అయితే కంప్యూటరుకు మన గుమాస్తా కంటే ఎక్కువ తెలివి లేదు. ఉన్నది ఉన్నట్లు పోల్చుతుంది, అంతే. ఇంగ్లీషు అక్షరాలలో ట, త లకు భేదం లేదు, ల, ళ లకు భేదం లేదు. చెవికి వినబడినదాన్ని గుమాస్తా తనకు తోచినట్లు రాసుకున్నాడు. అప్పలస్వామి ఒక చోట అపల్సామి, మరొక చోట అప్పుల్సామి. ఎల్లమ్మ ఒక చోట ఎలామా, ఇంకొక చోట యెల్లమా. శ్రీకాకుళం చీకాకోల్, విశాఖపట్నం విజగపటం, భీమునిపట్నం బిమ్లిపటం. ఇవన్నీ ఒకటేనని మనకు తెలుసు. కంప్యూటరుకు ఎవరైనా చెప్పాలి. చెప్పే విధానంలోనే మంచి, చెడు ఉన్నాయి. ఇది మేము పుస్తకాలలో చదివి తెలుసుకున్నది కాదు, దెబ్బ తిని తెలుసుకున్నది.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం మా సభవారి పాత తెలుగు బడి ప్రవేశ పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించాలని నిర్ణయించాము. మేము పాఠాలు చెప్పేవాళ్ళమే గాని దస్తరాల పని తెలిసినవాళ్ళం కాదు. శనివారాలు కూర్చుని నలుగురం కలిసి ఎక్కించాము. పేరుకు ఒకే గడి పెట్టుకున్నాము. పుస్తకంలో ఒకే పేరు నాలుగు రకాలుగా కనబడుతుంటే మాకు చికాకు కలిగింది. తెలుగు నేర్చుకున్నవాళ్ళం కదా, తప్పులు దిద్దుదామని బుద్ధి పుట్టింది. రామయా, రామయ్య, రామియా అన్నవన్నీ రామయ్య చేశాము. నర్సమా అన్నవాటిని నరసమ్మ చేశాము. పట్టిక అద్దంలా శుభ్రంగా కనబడింది. అందరూ మెచ్చుకున్నారు.

తరువాత 2022 ఏప్రిల్‌లో డర్బన్ ప్రాంతాన్ని ముంచిన వరదలు వచ్చాయి. ఎందరో ప్రాణాలు పోయిన ఆ విపత్తులో మా పెట్టె ఒకటి తడిసిపోవడం చెప్పుకోదగిన నష్టం కాదు. కాని ఆ పెట్టెలో ఉన్నవి ఆ ప్రవేశ పుస్తకాలు. సిరా కరిగి పుటలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇక మిగిలింది మేము దిద్దిన పట్టిక మాత్రమే.

ఆ మరుసటి సంవత్సరం ఒక పెద్దావిడ మనుమరాలితో కలిసి వచ్చింది. తన తల్లి ఆ బడిలో చదివిందని, తల్లి జనన పత్రంలో పేరు నర్సమా అని ఉన్నదని, అదే అక్షరాలతో బడి పుస్తకంలో ఉంటే కుటుంబానికి ఒక ఆధారం అవుతుందని అడిగింది. మా పట్టికలో నరసమ్మలు ఐదుగురు. వీరిలో పుస్తకంలో నర్సమా అని ఉన్నది ఎవరికి? మొదటి నుండి నరసమ్మగానే ఉన్నది ఎవరికి? చెప్పలేకపోయాము. దిద్దినవారెవరో, ఎప్పుడు దిద్దారో కూడా రాసుకోలేదు. మార్పులను దానంతట అదే నమోదు చేసే వసతి ఆ కంప్యూటరు ఏర్పాటులో ఉన్నదని, మేము దాన్ని వాడలేదని తరువాత తెలిసింది. ఆవిడ, "పరవాలేదులే మాస్టారూ, మీరు మంచికే చేశారు" అని వెళ్ళిపోయింది. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ బాధిస్తూనే ఉన్నది. ఓడ పట్టీ రాసిన గుమాస్తాను నిందించడానికి మాకు ఏం హక్కు ఉన్నది? అతడు విన్నది రాశాడు. మేము రాసి ఉన్నదాన్ని చెరిపేశాము.

నేర్చుకున్న సంగతులు

ఆ తరువాత తెలిసినవారిని అడిగి, చదివి, మా పట్టికకు గడులను మళ్ళీ గీసుకున్నాము. ఇతర సభలవారికి ఉపయోగపడవచ్చునని వాటిని ఇక్కడ చెబుతున్నాము.

మొదటిది. ఉన్నది ఉన్నట్లు రాసే గడి ఒకటి, మనం చదివినది రాసే గడి మరొకటి. మొదటి గడిలో తప్పు కనబడినా ముట్టుకోకూడదు. రెండవ గడిలో మన ఊహ రాయవచ్చు, దాని పక్కన ఊహించినవారి పేరు, తేదీ ఉండాలి. ఇది కొత్త పద్ధతి కాదు. సి. పి. బ్రౌన్ దొర ఒకే కావ్యానికి అనేక తాటాకు ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, పాఠాంతరాలు గుర్తింపజేశాడు. ఒక ప్రతిలోని పాఠం తప్పని తోచినా దాన్ని చింపి పారవేయలేదు. నర్సమా అన్నది తప్పు కాదు, పాఠాంతరం. ఇలా అనుకుంటే చాలు, సగం జబ్బు కుదురుతుంది.

రెండవది. ఊరికి రెండు గడులు కావాలి, అప్పటి పేరు, ఇప్పటి పేరు. ఇప్పటి పేరుకు సంవత్సరం కూడా వేయాలి, ఎందుకంటే జిల్లాలు కదులుతూ ఉంటాయి. చిత్తూరు మొదట ఉత్తర ఆర్కాటులో భాగం. 1911లో, అంటే మన చివరి ఓడలు వచ్చిన సంవత్సరంలోనే, అది వేరే జిల్లా అయింది. గంజాం జిల్లాలో చాలా భాగం 1936లో ఒరిస్సాకు పోయింది. విశాఖపట్నం నుండి 1950లో శ్రీకాకుళం జిల్లా విడివడింది, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. పట్టీలో విజగపటం అని ఉన్న మనిషి ఊరు నేడు అనకాపల్లి జిల్లాలో ఉండవచ్చు, శ్రీకాకుళంలో ఉండవచ్చు. పాత మాటను తీసివేసి కొత్త మాట పెడితే, పదేళ్ళ తరువాత వచ్చినవారు రెండూ తెలియక తికమకపడతారు.

మూడవది. ఖాళీ గడులన్నీ ఒక్కటి కావు. పుస్తకంలో రాయలేదు అన్నది ఒక ఖాళీ. రాశారు గాని మనం చదవలేకపోయాము అన్నది వేరొక ఖాళీ. మనం ఇంకా చూడలేదు అన్నది మూడవది. ఈ మూడింటికీ వేరువేరు గుర్తులు పెట్టాలి. లేకపోతే వెనుక వచ్చేవారు చూడని పుటను లేని పుట అనుకొని తిరిగిపోతారు.

నాలుగవది. ఒకే అర్థానికి ఒకే మాట వాడాలి. ఒకరు "పెళ్ళి ఫోటో" అని, ఒకరు "వివాహం" అని, మరొకరు "కల్యాణం" అని రాస్తే వెతికేవారికి మూడోవంతే దొరుకుతుంది. మాటల జాబితాను ముందే తయారుచేసుకొని అందులోనుండే ఎంచుకోవాలి. ఇది విషయాన్ని చెప్పే గడులకు మాత్రమే. మనుషుల పేర్లకు ఈ సూత్రం పనికిరాదని మా అనుభవమే సాక్షి.

ఐదవది. తెలుగు లిపికి ఒక గడి ఉంచాలి. యూనికోడ్ పద్ధతిలో తెలుగు 1991 నుండి ఉన్నది గాని, ఆ తరువాత చాలా ఏళ్ళు మనమందరం వేరువేరు ఫాంట్లలో టైపు చేశాము. నాటి కరపత్రాల ఫైళ్ళు నేడు తెరిస్తే అర్థంకాని గుర్తులు కనబడతాయి. ఏ ఫాంటులో చేశారో పక్కన రాసి ఉంటే తిరిగి చదవగలము. కాబట్టి ఫైలు ఏ పద్ధతిలో తయారైనదో చెప్పే వివరం కూడా ఒక గడే.

ఆరవది. ఎవరు చూడవచ్చు అన్న గడి. బతికి ఉన్నవారి జన్మదినాలు, చిరునామాలు, రోగాల సంగతులు అందరికీ చూపేవి కావు. మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2013లో వచ్చింది, 2021 జూలై 1 నుండి దాన్ని పాటించి తీరాలి. సభ చిన్నదే కదా అని ఊరుకోవడానికి వీలు లేదు.

కులం గడిని ఏం చేయాలి?

ఈ సంగతి మీద మా సభలో పెద్ద చర్చ జరిగింది. పాత పట్టీల నకళ్ళు ఎక్కిస్తున్నప్పుడు కులం గడిని తీసివేద్దామని యువకులు అన్నారు. ఆ గడి వల్ల పడిన అవమానాలు ఇక్కడిదాకా ఎందుకు మోసుకురావాలి అన్నది వారి వాదం. దాన్ని తీసేస్తే వంశం వెతకడానికి ఉన్న ఆధారం పోతుందని పెద్దలు అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది.

మేము చివరకు ఇలా అనుకున్నాము. పాత పట్టీలో ఉన్నది పాత పట్టీలో ఉన్నట్లే ఉంచుదాము. అది అప్పటి దొరతనం మన పెద్దలను ఏ కంటితో చూసిందో చెప్పే సాక్ష్యం. సాక్ష్యాన్ని చెరపడం మన పని కాదు. ఓడ ఎక్కేటప్పుడు కొందరు కావాలనే వేరే పేరు, వేరే కులం చెప్పారని మన ఇళ్ళలో కథలు ఉన్నాయి. కాబట్టి ఆ గడిలో ఉన్నదంతా నిజమని కూడా అనుకోకూడదు. కాని మనం కొత్తగా గీసే పట్టికలో, నేటి పిల్లల పేర్ల పక్కన, ఆ గడి గీయకూడదు. గడి గీస్తే ఎవరో ఒకరు నింపుతారు. నింపితే అది నిలుస్తుంది. ఓడ పట్టీ మనకు నేర్పిన పాఠం అదే. నిలవవలసినదానికి గడి గీయాలి, నిలవకూడనిదానికి గీయకూడదు.

ఒక్క అక్షరం సంగతి

1996 నాటి మన దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో భాషలను గురించిన ఆరవ అధికరణం ఉన్నది. ఈ దేశంలోని సమాజాలు మాట్లాడే భాషలను గౌరవించి పెంపొందించాలని చెబుతూ, గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూ భాషలతో పాటు మన భాషనూ అందులో పేర్కొన్నారు. మనకు గర్వకారణమైన సంగతి. అయితే అక్కడ ఇంగ్లీషులో తెలుగు అన్న మాటలోని ఒక అక్షరం మారిపోయి, టెలెగు అని చదివేటట్లు అచ్చయింది. తెలుగు అని సరైన అక్షరాలతో వెతికే కంప్యూటరుకు ఆ వాక్యం కనబడదు. దేశపు అత్యున్నత గ్రంథంలో మనకు గడి దొరికింది, పేరు మాత్రం ఓడ పట్టీలోలాగే పడింది. రాజ్యాంగంలోని అక్షరాన్ని మనం మార్చబోము. ఆ వాక్యం నకలు మన దస్తరంలో పెట్టుకున్నప్పుడు మాత్రం, ఉన్నది ఉన్నట్లు ఒక గడిలోను, తెలుగు అని మరొక గడిలోను రాసుకుంటాము. అప్పుడు రెండు విధాలుగా వెతికినవారికీ అది దొరుకుతుంది.

పాఠకులకు మనవి

ఇంటిపేరు తెలిసిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. పెళ్ళిపాటలలోనో, తద్దినం మంత్రాలలోనో, అవ్వ తిట్టిన తిట్లలోనో అది ఎక్కడో ఒకచోట దాగి ఉంటుంది. ఈ ఆదివారమే వెళ్ళి అడగండి. ఇంటిపేరు ఏమిటి? అవ్వ పుట్టింటివారి ఇంటిపేరు ఏమిటి? ఆమె తల్లి పేరు ఏమిటి? ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు? వారు చెప్పింది చెప్పినట్లు రాయండి, దిద్దకండి. పక్కన ఎవరు చెప్పారో, ఎవరు విన్నారో, ఏ తేదీన విన్నారో రాయండి. తెలియదు అంటే తెలియదు అనే రాయండి. కాగితం మీద రాసినా మంచిదే, కంప్యూటరులో రాసినా మంచిదే. నాలుగు గడులు గీయడానికి ఒక కొలబద్ద, ఒక పెన్సిలు చాలు.

మా సభవారి కొత్త పట్టికలో నంబరు పక్కనే ఇంటిపేరు అనే గడి ఉన్నది, దాని పక్కన తల్లి పేరు అనే గడి. ఇప్పటికి చాలా గడులు ఖాళీగానే ఉన్నాయి. మాకు విచారం లేదు. చోటు ఉంటే ఎవరో ఒకరు వచ్చి నింపుతారు. ఆ ఐదుగురు నరసమ్మల పక్కన కూడా, "పుస్తకంలోని అక్షరాలు మా పొరపాటు వల్ల పోయినవి" అని, మా పేర్లు, తేదీ వేసి రాసిపెట్టాము. వెనుక వచ్చేవారికి అది కూడా తెలియవలసిన వివరమే.

శుభం.